సబ్‌వూఫర్‌కి పవర్ పెంచే ముందు కరెంటు లెక్క చూసుకోండి

కారులో బేస్ చాలట్లేదు అనిపించగానే అందరి చూపూ పెద్ద యాంప్ (యాంప్లిఫయర్) మీదికే పోతుంది. కానీ 250 వాట్ల యాంప్ తీసేసి 500 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. తేడా వినిపిస్తుంది గానీ మోత రెట్టింపు కాదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ దాకా పెరగాలి, అంటే పదింతల పవర్ కావాలి. అదే ఇంకో సబ్‌ని తెచ్చి మొదటిదాని పక్కనే పెట్టి, దానికీ అంతే పవర్ ఇస్తే 6 డెసిబెల్స్ దాకా వస్తుంది. అందుకే సబ్‌కి దాని రేటింగ్‌లో సగమే అందుతుంటే యాంప్ మార్చండి. ఇప్పటికే నిండుగా అందుతుంటే, పైన ఇచ్చే పవర్‌లో ఎక్కువ భాగం వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) వేడెక్కడానికే పోతుంది.

డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా పట్టించుకోకండి. ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) ఎన్ని, ఎన్ని ఓమ్‌ల (సబ్ కరెంటుకి ఇచ్చే నిరోధం) దగ్గర అన్నదే చూడాలి. ఒక్కోటి 4 ఓమ్‌లుండే రెండు కాయిల్స్ ఉన్న డ్యూయల్ వాయిస్ కాయిల్ సబ్‌ని ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు అవుతుంది. అలాంటి సబ్‌లు రెండు తీసుకుని మొత్తం ప్యారలల్‌లో కలిపితే 1 ఓమ్‌కి దిగుతుంది. యాంప్ 2 ఓమ్‌ల వరకే పనిచేసేదైతే దానికి 1 ఓమ్ లోడ్ తగిలించకూడదు. తక్కువ వాల్యూమ్‌లో బాగానే వాయిస్తూ, బేస్ గట్టిగా పడగానే ప్రొటెక్ట్ లైటు వెలిగి ఆగిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు కరెంటు. క్లాస్ డి యాంప్ ఎఫిషియెన్సీ 80 శాతం అనుకుందాం. 500 వాట్లు బయటికి రావాలంటే 625 వాట్లు లోపలికి వెళ్ళాలి. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 45 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ యాంప్ అయితే ఇదే పనికి 65 దాటుతుంది. పాట సాగినంతసేపూ ఇంత లాగదు, కానీ డ్రమ్ పడిన క్షణంలో వైర్ ఇంత మోయగలగాలి.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైర్ 5 మీటర్లు పడుతుంది అనుకోండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైర్ మందం పెరుగుతుంది. 45 ఆంపియర్ల దగ్గర 8 గేజ్ రాగి వైర్‌లో దాదాపు అర వోల్టు పోతుంది, 4 గేజ్‌లో 0.2 కూడా పోదు. 4 గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్ల లోహం ఉండాలి. మందమంతా పైతొడుగులోనే ఉన్న వైర్లూ దొరుకుతాయి, చూసి తీసుకోండి. ఒక పోగుని బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనిపించిందంటే అది రాగి పూత ఉన్న అల్యూమినియం. వాడకూడదని కాదు, ఒక సైజు పెద్దది వేయాలి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పేయండి. పాజిటివ్ వైర్‌లో బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ పడాలి. ఈ ఫ్యూజ్ యాంప్‌ని కాపాడటానికి కాదు. వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంట పుట్టకుండా ఆపేది ఇదే. యాంప్ మీద 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండుంటే ఇక్కడ 60 వేయండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు) రంధ్రంలో రబ్బరు గ్రామెట్ (రింగు) లేకుండా వైర్ దూర్చకండి. రెండో యాంప్ కలిపితే డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ (ఒక వైర్‌ని రెండుగా పంచేది) దగ్గర సన్న వైర్ మొదలయ్యే చోట దానికి వేరే ఫ్యూజ్ తప్పనిసరి.

ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది ఎర్త్, అంటే యాంప్ నెగటివ్‌ని కారు బాడీకి కలిపే వైర్. పాజిటివ్ ఎంత మందమో ఇదీ అంతే మందం, పొడవు అర మీటరు లోపు. డిక్కీలో గట్టి రేకు చూసి, లగ్గు (వైర్ చివర ఉండే రింగు) కూర్చునేంత మేర పెయింటు, దాని కింద ప్రైమర్ కూడా ఎమరీ పేపర్‌తో గీకి మెరిసే లోహం తేల్చండి. బోల్టు, స్టార్ వాషర్, నట్టు వేసి బిగించి, ఆ తర్వాత తుప్పు పట్టకుండా పైన పెయింటు పూయండి. సీటుబెల్టు బోల్టు జోలికి మాత్రం పోవద్దు, అది ప్రాణాలకి సంబంధించింది.

స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్‌ని పవర్ వైర్‌కి ఎదురు వైపు నుంచి లాగండి. ఇంజన్ రేజ్ చేసినప్పుడు స్పీకర్లలో కూత కూడా పెరుగుతుంటే ముందు ఎర్త్, తర్వాత ఆర్‌సీఏ చూడండి. స్టీరియోకి ఆర్‌సీఏ అవుట్‌పుట్ లేకపోతే స్పీకర్ వైర్ల నుంచే యాంప్ మీది హై లెవెల్ ఇన్‌పుట్‌కి ఇవ్వొచ్చు.

యాంప్ మీది గెయిన్ నాబ్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టేది. స్పీకర్ వైర్లు యాంప్ నుంచి తీసేయండి. బేస్ బూస్ట్ సున్నా, ఈక్వలైజర్ ఫ్లాట్, లో పాస్ ఫిల్టర్ (బేస్‌ని మాత్రమే వదిలేది) 80 హెర్ట్జ్, స్టీరియో వాల్యూమ్ ముప్పావు. 0 డెసిబెల్స్‌లో (పూర్తి స్థాయిలో) రికార్డయిన 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులకి మార్చి యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద పెట్టి, కావాల్సిన వోల్టులు కనిపించేదాకా గెయిన్ తిప్పండి. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టులు తెలుస్తాయి: 500 వాట్లు, 2 ఓమ్‌లకి 31.6. సబ్ 300 వాట్లే తట్టుకుంటే యాంప్ ఎంత పెద్దదైనా లెక్క 300తోనే కట్టాలి, అంటే 24.5. లోడ్ పడ్డాక యాంప్ వోల్టేజీ కాస్త జారుతుంది కాబట్టి నేనైతే ఒకటి రెండు వోల్టులు తక్కువలోనే ఆపమంటాను. పోర్టెడ్ బాక్స్ (గాలి పోయే గొట్టం ఉన్నది) అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ని (మరీ లోతైన శబ్దాల్ని ఆపేది) పోర్టు ట్యూనింగ్ (ఆ గొట్టం పనిచేసే ఫ్రీక్వెన్సీ) కన్నా కాస్త కిందికి పెట్టాలి. లేదంటే ట్యూనింగ్ కిందికి దిగగానే కోన్‌ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు.

హెడ్‌లైట్లు బేస్‌తో పాటు మినుకుమంటుంటే చాలామంది కరెంటుని కాస్త నిల్వ చేసి ఇచ్చే 1 ఫారడ్ కెపాసిటర్ కొంటారు. 13.8 నుంచి 12 వోల్టులకి దిగేలోపు అది ఇవ్వగలిగింది 23 జౌల్స్ శక్తి. 625 వాట్లు లాగే యాంప్‌కి అది సెకనులో ఇరవయ్యారో వంతు కూడా చాలదు. ఆ డబ్బుతో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి ఉన్న మూడు వైర్లకీ తోడుగా మందపాటివి వేయించడం మేలు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వైర్‌కీ తగిన ఫ్యూజ్ ఉండాలి.

చివరగా స్పీకర్ వైర్లు తిరిగి కలిపి, ఇంజన్ ఆన్ చేసి, బేస్ గట్టిగా పెట్టి కొలవండి. మీటర్ డీసీ వోల్టుల్లో ఉండాలి. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి యాంప్ ఎర్త్ టెర్మినల్ మీద. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ మళ్ళీ గీకాల్సిందే. అరగంట వాయించాక ఫ్యూజ్ హోల్డర్‌నీ లగ్గుల్నీ చేత్తో తాకండి. మిగతా వైర్ చల్లగా ఉండి ఒక్క లగ్గే వేడెక్కితే అక్కడ క్రింపు (లగ్గుని వైర్ మీద నొక్కి బిగించడం) సరిగా పడలేదు, కోసేసి కొత్తది వేయండి.