తల్లి అమెరికా నుంచి, పిల్లలు అమెరికాకి

పోయిన దసరా సెలవుల్లో, అంటే 2025 సెప్టెంబరు చివర్లో, హైదరాబాదులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. భీమవరం దగ్గర మా అక్కావాళ్ళ ఊరు వెళ్ళి ఏడేళ్ళయింది. అక్కడ రెండు రోజులుండి కాకినాడ, విశాఖ చూసుకుని రావాలని ప్లాను. ఇంకో కారణం కూడా ఉంది. నెల రోజులుగా బావగారు ఫోన్ చేస్తే చాలు, ట్రంప్ మాటే ఎత్తుతున్నారు. సర్పంచ్ ఎన్నికల గురించి కూడా నోరు విప్పని మనిషాయన.

భీమవరంలో దిగేసరికి ఇంకా తెల్లారలేదు. ఊళ్ళోకి వెళ్ళే దారికి రెండు పక్కలా చిన్నప్పుడు నేను చూసిన వరిచేలు లేవు. రొయ్యల చెరువులే. చీకట్లో నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటే ఎక్కడో జోరుగా వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుందట. ఆ వేళప్పుడు కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి పైకి తేలుతుంది. అందుకే బావగారి పడక గట్టు మీది పాకలోనే. అక్క నన్ను కాఫీ ఫ్లాస్కుతో నేరుగా అక్కడికే పంపింది.

"ఇది మన రొయ్య కాదు, తెలుసా?" అన్నారు రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూపిస్తూ. నాకు తెలియదు. తొంభైల్లో ఇక్కడ టైగర్ రొయ్య వేసేవారు, తెల్లమచ్చ రోగం వచ్చి చాలామంది మునిగిపోయారు. 2009లో కేంద్రం వనామీ అనే ఈ విదేశీ రకానికి అనుమతిచ్చింది. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. పిల్లని పెట్టించడానికి కావలసిన తల్లి రొయ్యలు ఇప్పటికీ హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నై వస్తాయి. అక్కడ క్వారంటైన్‌లో రోగాలేమీ లేవని తేలాకే హేచరీకి, అంటే పిల్లని పుట్టించే చోటుకి, పంపుతారు. హేచరీలో బుల్లి పిల్లలకి పెట్టే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి జీవి కూడా చాలామటుకు అమెరికాలోని యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సుదే. అంటే తల్లి అమెరికా నుంచి వస్తుంది, పిల్లలు మన నీళ్ళలో పెరిగి, ఐసులో గడ్డకట్టి తిరిగి అమెరికా వెళ్తాయి. మన ఇళ్ళలో దీనికి తలకిందులు: పిల్లలు ముందు వెళ్తారు, పురుడు పోయడానికి తల్లి వెనకాల వెళ్తుంది. ఈ మాట అంటే బావగారు నవ్వలేదు. ఆయనకి ఆ రోజు నవ్వొచ్చే పరిస్థితి లేదు.

ఆయన బాధ కౌంటు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. నూరు కౌంటంటే చిన్నవి, ముప్పై కౌంటంటే పెద్దవి. గట్టు మీద ఈ అంకెలకి దేశాల పేర్లున్నాయి. ముప్పై, నలభై అమెరికా సైజు. తల తీసి, పొట్టు వలిచి, శుభ్రం చేసి పంపాలి. నూరు కౌంటుని తలతో సహా ఎక్కువగా కొనేది చైనా. కాబట్టి రైతు ఎన్నాళ్ళు మేత పోయాలన్నది ఏ దేశానికి అమ్మాలన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద సైజు కోసం ఆగితే మేత ఖర్చు, డీజిల్ ఖర్చు, రోగం భయం. ఇన్నాళ్ళూ ఆ భయానికి అమెరికా రేటు జవాబు చెప్పేది.

ఆగస్టు 27న ఆ జవాబు మారిపోయింది. అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. రొయ్యల మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం) వగైరా కలిపితే 58 దాకా తేలింది. పోటీదారు ఈక్వెడార్‌కి అప్పుడు 15 శాతమే. వనామీ ఆ తీరం రొయ్యే కదా! వాళ్ళ రొయ్యని మనం పెంచి, మూడో దేశంలో వాళ్ళ మీదే పోటీకి పంపి, చివరికి సుంకం దగ్గర దెబ్బతిన్నాం. 2024-25లో మన దేశం నుంచి 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు వెళ్తే, అందులో మూడింట రెండొంతులకి మించి విలువ గడ్డకట్టిన రొయ్యలదే. ఆ రొయ్యల్లో బరువు ప్రకారం నూటికి నలభైకి పైగా తిన్నది అమెరికా ఒక్కటే. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రాది. ఒక్క కొనుగోలుదారు చెయ్యి వెనక్కి తీస్తే ఈ గట్లన్నీ కదులుతాయని అర్థం కావడానికి నాకు ఇంతకంటే లెక్కలు అక్కర్లేదు.

"ఉంచాలా, పట్టెయ్యాలా? నువ్వే చెప్పు" అన్నారు బావగారు. హైదరాబాదులో కూర్చుని అకౌంట్లు రాసుకునేవాణ్ణి నేనేం చెప్తాను?

మధ్యాహ్నం ఆయనకి తెలిసినవాళ్ళ ద్వారా ఒక ప్రాసెసింగ్ ప్లాంటు లోపలికి వెళ్ళనిచ్చారు. గమ్‌బూట్లు, తలకి టోపీ, క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచి దాటడం. లోపల చలికి నా పళ్ళు కొట్టుకుంటుంటే, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్య తలలు తీస్తున్నారు. చేతులు కనబడనంత వేగం. "చెయ్యి ఆగితే చలెక్కువవుద్దండి, అందుకే ఆపం" అంది ఒకామె. ఓ పక్క ల్యాబులో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు. యూరప్ కొనుగోలుదార్లు ఈ విషయంలో మరీ గట్టిగా ఉంటారట. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం అట్టపెట్టెల గది. ఇంగ్లీషులో వంట సూచనలు అచ్చేసిన పెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. నెల నుంచి అవి కదలడం తగ్గిందని అక్కడి కుర్రాడు చెప్పాడు.

రాత్రి అక్క గోంగూర రొయ్యలు వండింది. ఒకటి చెప్పాలి: అవి చెరువువి కావు. కాలవ రొయ్యలు, బజారులో కొన్నవి. "మనవేం రుచి ఉండవురా" అంది. బావగారు తల దించుకుని అన్నం కలుపుకున్నారు.

మర్నాడు పాలకొల్లు మీదుగా కాకినాడ బయలుదేరాను. చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి, తర్వాత కోనసీమ కొబ్బరితోటలు, అమలాపురంలో బస్సు మారడం, ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళది. అది దాటాక కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుఫానుతో దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారట. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళ కార్లు ఆగి ఉన్నాయి.

కాకినాడలో నా ప్లాను వానపాలయింది. లంగరు రేవు దగ్గర ఓడలు ఒడ్డుకి రావు. హోప్ ఐలాండ్ చాటున సముద్రంలో నిలబడతాయి, బార్జీలలో బియ్యం బస్తాలు తీసుకెళ్ళి ఎక్కిస్తారు. అది చూద్దామని వస్తే పొద్దున్నుంచి ముసురు. బియ్యం తడవకూడదు కనక లోడింగ్ బంద్. రేవు బయట టీ కొట్టులో హమాలీల మధ్య కూర్చున్నాను. పక్కనే ఖాళీ సంచులు గొడుగుల్లా కప్పుకున్నారు. వాటి మీద ఫ్రెంచి అక్షరాలు! గంట క్రితం యానాంలో వీధి పేర్లలో చూసిన భాషే. బెనిన్, సెనెగల్, టోగో, ఐవరీ కోస్ట్, ఇవన్నీ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉన్నవి, మన ఉప్పుడు బియ్యానికి, నూకలకి పెద్ద గిరాకీదార్లు. మనం ఇంట్లో ముట్టుకోని ఉప్పుడు బియ్యం అక్కడ రోజువారీ తిండి.

"2023 జులైలో తెల్లబియ్యం ఆపేశారు కదండీ, అప్పుడు పనులు పల్చబడ్డాయి" అన్నాడొక పెద్దాయన. ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా నడిచింది. ఢిల్లీలో బియ్యం ధర పెరుగుతుందని భయపడితే ఇక్కడ కూలి ఆగుతుంది. ఆ వెంటనే నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రేషన్ బియ్యం అక్రమ ఎగుమతి విషయమై వచ్చి "సీజ్ ద షిప్" అనడం, ఆ మాట రాష్ట్రమంతా మోగడం. ఆ ఓడ పేరు స్టెల్లా ఎల్. ఇప్పటికీ టీ గ్లాసు ఆలస్యంగా తిరిగిస్తే "సీజ్ ద గ్లాస్" అంటున్నారు.

సాయంత్రం వాన తగ్గాక బీచ్‌లో బజ్జీలు తిన్నాను. అవి వేగింది బహుశా పామాయిల్లోనే. ఇండోనేసియా, మలేసియాల నుంచి ఓడల్లో వచ్చిన ముడినూనె ఈ ఊరి రిఫైనరీలకే చేరుతుంది. బియ్యం వెళ్తుంది, నూనె వస్తుంది. మధ్యలో మన మిరపకాయ.

మిరపకాయ అంటే గుర్తొచ్చింది, గుంటూరు యార్డు చూడలేకపోయాను. తేజా రకం చైనాకి ఎలా వెళ్తుందో ఇంకోసారి. పెనుకొండ కార్లు, విశాఖ పక్క పరవాడ మందులు కూడా రాష్ట్రం ఎగుమతుల్లో పెద్దవే గానీ, వాటిని నాలాంటివాడు గేటు బయట నుంచి చూసి రాసేదేం లేదు.

విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండకి ఎదురుగా నిలబడితే దిగుమతి అంటే ఏమిటో కళ్ళకి కనబడుతుంది. ఉక్కు కర్మాగారానికి ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు, రిఫైనరీకి ముడిచమురు. 1933లో ఈ రేవు తెరిచింది మధ్యపరగణాల (బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు బయటికి పంపడానికి. తర్వాత ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుము జపాన్‌కి వెళ్ళింది, దానికోసమే అరకు లోయ మీదుగా రైలు మార్గం వేశారు. మనం అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకునే ఆ సొరంగాలు ఖనిజం కోసం తవ్వినవి. ఇప్పుడు విలువ ప్రకారం దేశంలో సముద్ర ఉత్పత్తులు ఎక్కువగా వెళ్ళేది ఇక్కణ్నుంచే.

కంటైనర్ ఓడ ఒకటి మెల్లగా బయటికి కదులుతుంటే ఫోన్ మోగింది. వెనకాల ఏరేటర్ల హోరు లేదు. "పట్టుబడి అయిపోయింది" అన్నారు బావగారు. "ఎంత కౌంటు?" అన్నాను. "అరవై. అటు అమెరికాకీ చాలదు, ఇటు చైనాకీ ఎక్కువ." రేటు అడగబోయి ఊరుకున్నాను.

"నీకు రెండు కిలోలు థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి బస్సులో పంపుతున్నా. ఎల్లుండి పొద్దున్నే కూకట్‌పల్లిలో తీసుకో" అన్నారు. "అక్కకి చెప్పకు."