వెనక్కి వెళ్లే కబురు
ఈ మధ్య సినాప్స్ (ఒక నాడీకణం మరో దానికి సంకేతం అందించే చోటు) గురించి చదువుతుంటే మనసు ఒక్క అణువు దగ్గరే ఆగిపోతోంది: 2-ఏజీ. అదో కొవ్వు అణువు. సంకేతం అందుకున్న నాడీకణంలో కాల్షియం బాగా పెరిగితే, ఆ కణం పొరలోని కొవ్వు నుంచే అప్పటికప్పుడు తయారవుతుంది. ముందే చేసి సంచుల్లో దాచిపెట్టడం ఉండదు. తర్వాత, సంకేతం పంపిన కణం దగ్గరికే వెనక్కి వెళ్లి సీబీ1 అనే గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌కి) అతుక్కుంటుంది. అక్కడ కాల్షియం రాక తగ్గి, గ్లుటమేటో గాబానో (సంకేతాన్ని మోసే రసాయనాలు) విడుదల కావడం కాసేపు నెమ్మదిస్తుంది. వినేవాళ్లు మాట్లాడేవాళ్లని 'కాస్త ఆగండి' అన్నట్టు! పని అయ్యాక ఎంజైములు దాన్ని విరిచేస్తాయి.

ఇలాంటిదే మరో కొవ్వు అణువు ఆనందమైడ్ 1992లో, 2-ఏజీ 1995లో వెలుగులోకి వచ్చినా, ఈ వెనుకదారి స్పష్టంగా తేలింది 2001లో. ఎంత ఓపికైన పనో! పిల్లలకి సినాప్స్ బొమ్మ గీసేటప్పుడు ముందుకెళ్లే బాణంతో పాటు ఈ రెండో బాణం కూడా గీయాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.