లియాన్‌లో ఆ పాత గెస్టపో ఆఫీసు

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో రెసిస్టెన్స్ (నాజీలపై రహస్య పోరాటం), డిపోర్టేషన్ (జనాన్ని క్యాంపులకు తరలించడం) మ్యూజియం చూసొచ్చాను. మిలిటరీ డాక్టర్లను తయారుచేసిన బిల్డింగ్ అది. 1943లో నాజీల రహస్య పోలీసు గెస్టపో అక్కడే తిష్ట వేసింది. లియాన్ గెస్టపో అధిపతి క్లాస్ బార్బీ మనుషుల్ని చిత్రహింసలు పెట్టిందీ అక్కడే. వైద్యం నేర్పిన చోట! ఏం చెప్పాలి దీనికి.

రెసిస్టెన్స్ వాళ్ల రహస్య పత్రికల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చిన్న సైజు, నాసిరకం కాగితం, కిక్కిరిసిన అక్షరాలు. జేబులో ఒక్కటి దొరికినా జైలు, ఆపైన జర్మనీ క్యాంపులకు రైలు ఎక్కించే ప్రమాదం.

1987 నాటి బార్బీ విచారణ వీడియో కూడా వేస్తారు. ఇజియూ అనే ఊళ్లోని పిల్లల ఆశ్రమం నుంచి 44 మంది యూదు పిల్లల్ని పట్టుకెళ్లిన కేసు అందులో ఉంది. వాడు మూడోరోజు నుంచే కోర్టుకు రానని మొండికేశాడు. బతికొచ్చినవాళ్లు సాక్ష్యం చెబుతుంటే వాడి కుర్చీ ఖాళీ. ఒళ్లు మండిపోయింది. యావజ్జీవం పడింది, 1991లో ఖైదీగానే పోయాడు.

మనవాళ్లెవరైనా లియాన్ వస్తే దీనికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి.