మామయ్యగారి పేరు మా పాపకి ఎలా పెట్టుకున్నామంటే

మా ఆయన వాళ్ల ఇంట్లో నరసింహం అనే పేరు తరం వదిలి తరం వస్తూనే ఉంది. మామయ్యగారు నరసింహారావు, ఆయన తాతగారు నరసింహం, ఆ లెక్కన ఈసారి వంతు మా బిడ్డది. పుట్టింది ఆడపిల్ల. పేరు ఇక్కడితో ఆగిపోతుందని ఎవరూ పైకి అనలేదు. మామయ్యగారైతే "మీకు నచ్చింది పెట్టుకోండమ్మా, నా పేరు గురించి ఆలోచించకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు, అలా చెప్పాకే నాకు పట్టుదల వచ్చింది. మగపిల్లాడైతే ప్రశ్నే లేకుండా వెళ్లే పేరు ఆడపిల్ల దగ్గర ఎందుకు ఆగాలి?

అందరూ ముందు చెప్పేది చివర అమ్మ చేర్చమని. నరసమ్మ, నరసమాంబ, లక్ష్మీనరసమ్మ. పాత పేర్లని మా ఆయన కాస్త వెనకాడారు గానీ నాకు పాతదనంతో ఇబ్బంది లేదు, నా అభ్యంతరం వేరే. నరసమ్మ అనేసరికి నర మిగిలింది, సింహం వెళ్లిపోయింది. ఆ పేరుకి ప్రాణమే సింహం కదా. లక్ష్మి చేర్చడం ఇంకో దారి. సుబ్బారావుగారి మనవరాలు సుబ్బలక్ష్మి, రామయ్యగారి మనవరాలు రామలక్ష్మి, వినడానికి ఎంత హాయిగా ఉంటాయో! మాకు మాత్రం నరసింహలక్ష్మి అని పిలిచేసరికి ఊపిరి అయిపోతోంది.

తర్వాత ఆడపడుచు సింహిక అనే పేరు తెచ్చింది. ఫోన్‌లో పేర్ల జాబితాల్లో దొరికిందట, అర్థం ఆడసింహం అని రాసి ఉంది. వినడానికి కొత్తగా, చిన్నగా, నిజంగానే ముచ్చటగా ఉంది. కానీ సుందరకాండలో సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుణ్ణి నీడ పట్టుకుని లాగిన రాక్షసి పేరు సింహిక. పురాణాల్లో రాహువు తల్లి పేరూ అదే. "ఇప్పుడు అవన్నీ ఎవరికి గుర్తుంటాయి వదినా" అంది. నాకు గుర్తుంది కదా! పేర్ల జాబితాలు అర్థం ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాయి, ఆ పేరు కథల్లో ఎవరిదో చెప్పవు. అది మనమే చూసుకోవాలి, తప్పకుండా చూసుకోవాలి.

మా పిన్ని సంస్కృతం చెప్పేవారు, ఆవిడతో మాట్లాడాకే విషయం ఒక దారికి వచ్చింది. నేను ఇంద్రాణి, భవాని, రుద్రాణి, శర్వాణి వరసలో ఏదైనా కుదురుతుందా అని అడిగాను. ఆ వరసంతా భార్య అనే అర్థంలో వచ్చిందని, దానికి పాణిని సూత్రమే ఉందని చెప్పారు. ఇంద్రుడి భార్య ఇంద్రాణి, భవుడి భార్య భవాని. అవి అమ్మవారి పేర్లుగా ఎప్పుడో స్థిరపడ్డాయి కాబట్టి ఎవరూ అలా విడదీసి చూడరు. మనం కొత్తగా తాతగారి పేరుకి అదే తోక తగిలించి మనవరాలికి పెడితే మాత్రం బాగుండదు, అది అక్కడితో వదిలేశాం.

అప్పుడు పిన్నే నారసింహి అన్నారు. నరసింహి కాదా పిన్నీ అంటే, కాదు, మొదటి అక్షరం సాగాలి అన్నారు. విష్ణువు నుంచి వైష్ణవి, కుమారుడి నుంచి కౌమారి, వరాహం నుంచి వారాహి వచ్చినట్టే నరసింహుడి నుంచి నారసింహి. వీళ్లు ఆ దేవుళ్ల శక్తులు, వాళ్ల రూపంతో, ఆయుధాలతో యుద్ధానికి వచ్చినవాళ్లు. దేవీ మాహాత్మ్యం ఎనిమిదో అధ్యాయంలో నారసింహి వచ్చే తీరు ఆవిడ చదివి వినిపించారు. నరసింహుడితో సమానమైన రూపంతో వస్తుంది, ఆమె జూలు విదిలిస్తే నక్షత్రాల గుంపులు చెదిరిపోతాయి. నాకు అక్కడే మనసు నిలిచిపోయింది. పేరులో ఒక్క ముక్క కూడా పోలేదు, పైగా ఎవరి చాటునా నిలబడకుండా తనకంటూ ఒక చోటు ఉన్న పేరు.

ఇంట్లో వెంటనే ఒప్పుకోలేదు లెండి. పసిపిల్లకి అంత ఉగ్రమైన పేరా అని అత్తయ్య టెన్షన్ పడ్డారు. తాతగారికి ఉన్నప్పుడు లేని భయం మనవరాలికి వచ్చేసరికి ఎందుకు అత్తయ్యా అని అడిగాను, గట్టిగానే అడిగాను, ఆ మాట అడగాల్సిందే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. మామయ్యగారు మాత్రం పేరు కాగితం మీద రాయించుకుని, పైకి చదివి, "నా పేరు కంటే ఇదే బాగుంది" అన్నారు. దాంతో అత్తయ్య మెత్తబడ్డారు. పిలవడానికి సింహి అని ఆవిడే పెట్టారు.

ఇక మిగిలింది ఇంగ్లీష్ స్పెల్లింగ్, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నా దీర్ఘానికి ఒక ఏ పెట్టాలా రెండా, సున్నాకి ఎమ్ రాయాలా ఎన్ రాయాలా అని అందరూ తలో రకంగా రాశారు. మామయ్యగారి కాగితాల్లో ఆయన పేరు ఎలా ఉందో అలాగే మొదటి భాగం ఉంచి, సున్నాకి ఎమ్ ఖాయం చేసి, జనన నమోదుకి ఇచ్చే ముందు అక్షరం అక్షరం సరిచూసి ఇచ్చాం.

ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు మీ ఇంటి పెద్దాయన పేరుకి ముందే స్థిరపడిన రూపం ఉందేమో మొదట చూడండి. నారాయణకి నారాయణి, శంకర్‌కి శంకరి, వెంకటేశ్వర్లుకి వెంకటేశ్వరి తయారుగానే ఉన్నాయి. కృష్ణ అయితే అలాగే పెట్టేయొచ్చు, ద్రౌపదికి ఉన్న పేరే అది. రాముడి పేరు కోసం రమ అని పెడుతుంటారు, మంచి పేరే గానీ అది లక్ష్మీదేవి పేరు, రామ నుంచి వచ్చింది కాదు. మా తోడికోడలికి నెలలు నిండాయి, వాళ్ల నాన్నగారు ఆంజనేయులు. ఆడపిల్ల పుడితే అంజన అని పెట్టమన్నాను. ఆంజనేయుడికి ఆ పేరు వచ్చిందే వాళ్లమ్మ అంజన నుంచి కదా.