స్కోలిన్ ఇచ్చే ముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

మత్తు అంటే ఒక్క సూది కాదు. నిద్రకు ఒక మందు, నొప్పికి ఒకటి, కండరాలు సడలడానికి ఇంకొకటి. ఈ మూడోది నిద్ర పుచ్చదు, నొప్పీ తగ్గించదు. నరం నుంచి కండరానికి అందాల్సిన కబురు అందకుండా చేస్తుంది, అంతే. గుండె, పేగుల కండరాల తీరు వేరు కాబట్టి వాటి పని అవి చేసుకుపోతాయి. ఊపిరి మాత్రం ఆగిపోతుంది. గొట్టం వేసి శ్వాస ఇచ్చే ఏర్పాటు చేతికందేట్టు లేనిచోట ఈ మందును సిరంజిలోకి కూడా తీయకూడదు.

ఎమర్జెన్సీలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది సక్సినైల్‌కోలిన్, మా భాషలో స్కోలిన్. మోతాదు కిలోకి 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. ఇచ్చిన అర నిమిషానికి కనురెప్పలు అదురుతాయి. ఆ అదురు చెంపలు, మెడ, ఛాతీ మీదుగా చర్మం కింద చీమలబారు పాకినట్టు కాలివేళ్ల దాకా దిగుతుంది. అక్కడ ఆగాక గొట్టం వేయాలి. మరుసటి రోజు ఒళ్లునొప్పులు ఈ అదురు వల్లే. అదురూ లేదు, దవడా వదల్లేదు అంటే ముందు అనుమానించాల్సింది ఫ్రిజ్‌ని. ఈ మందు 2–8 డిగ్రీల్లో ఉండాలి, నెల్లూరు ఎండల్లో బయట వదిలేస్తే బలం తగ్గిపోతుంది.

రక్తంలో పొటాషియాన్ని కూడా స్కోలిన్ లీటరుకు 0.5 మిల్లీమోల్ దాకా పెంచుతుంది. మామూలు మనిషికి పర్లేదు. కనిగిరి వైపు నుంచి వచ్చే డయాలసిస్ పేషెంట్లకు మాత్రం ఆ రోజు పొటాషియం రిపోర్టు చూడకుండా దీని జోలికి పోవద్దు. పెద్ద కాలిన గాయాలైనా, వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోయినా, ఒకటి రెండు రోజులు దాటాక అసలు ఇవ్వకూడదు. గుండె ఆగిపోవచ్చు.

స్కోలిన్ ప్రభావం 5–10 నిమిషాల్లో దిగిపోవడానికి కారణం కాలేయం తయారుచేసే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. సూదిలో వెళ్లిన మందులో చాలా భాగాన్ని కండరం చేరకముందే రక్తంలోనే విరిచేస్తుంది. అది లేనివాళ్లకు పది నిమిషాల పని గంటల తరబడి సాగుతుంది.

అందుకే మొదటి ప్రశ్న: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక మత్తు దిగక శ్వాస మిషన్ మీద ఉంచారా? ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువ. ఈ ఎంజైమ్‌కు మూలమైన బీసీహెచ్‌ఈ జన్యువు మారి, ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలీన్ రావడం దీనికి కారణమని తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తేనే ఇబ్బంది, కాబట్టి మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. స్కోలిన్ తగిలే దాకా ఏ లక్షణమూ ఉండదు. కులం అడగడానికి కొందరు మొహమాటపడతారు. మొహమాటం పక్కనపెట్టి, కారణం చెప్పి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది: పురుగుమందు ఏమైనా కొట్టారా, తాగారా? మిరప, పత్తి, పొగాకు మీద కొడుతూ వచ్చిన క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి ఇదే ఎంజైమ్‌ను చంపుతాయి. అది తిరిగి కోలుకోవడానికి వారాలు పడుతుంది. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకు గొట్టం వేయాలంటే స్కోలిన్ మానేసి, కండరాలు సడలించే ఇంకో మందు రోక్యూరోనియం కిలోకి 1.2 మిల్లీగ్రాములు ఇవ్వడం మేలు.

గొట్టం పడీ పడగానే వెక్యూరోనియం, అంటే ఎక్కువసేపు పనిచేసే కండరాల సడలింపు మందు, ఇచ్చేసే అలవాటు ఉంది. అలా ఇస్తే స్కోలిన్ దిగిందో లేదో తెలిసే దారే పోతుంది. కాస్త కదలికో, నర్వ్ స్టిములేటర్‌లో (నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరం కదులుతుందో చూసే పరికరం) స్పందనో కనబడ్డాకే ఇవ్వాలి.

అరగంటైనా ఊపిరి రాలేదనుకోండి. చెయ్యి వెంటనే నియోస్టిగ్మిన్ మీదికి పోతుంది. వెక్యూరోనియానికైతే అది సరైన విరుగుడే: కిలోకి 0.05 మిల్లీగ్రాములు, గుండె వేగం పడిపోకుండా దాంతోపాటు గ్లైకోపైరోలేట్ 0.01. స్కోలిన్ దిగనప్పుడు మాత్రం వద్దు, మిగిలిన కొద్దిపాటి ఎంజైమ్‌నూ అది అణచేస్తుంది. వెంటిలేటర్ కొనసాగించడమే వైద్యం. నిద్రమందు మాత్రం ఆపకూడదు. లోపల మెలకువ వచ్చి, రెప్ప కూడా ఎత్తలేక పడి ఉండటం కంటే నరకం లేదు. కళ్ల చివర నీళ్లు, పెరుగుతున్న నాడి, బీపీ కనబడితే అదే అనుకోవాలి.

ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైమ్ అందుతుంది కానీ, దీనికోసం ఆ రిస్కు అనవసరం. ఎక్కించక తప్పని పరిస్థితైతే ఎంజైమ్ పరీక్షకు రక్తం ముందే తీసిపెట్టాలి, తర్వాత తీస్తే దాత ఎంజైమ్‌ కూడా లెక్కలోకి వస్తుంది. తక్కువని తేలితే డిశ్చార్జి కాగితం మీద ఎర్రసిరాతో రాసి, తోబుట్టువులకూ అదే పరీక్ష చేయించమని చెప్పాలి.