నాగ్‌పూర్ దాటాక 11 నిమిషాలు

మా బాబాయి ఖమ్మం డిపోలో 30 ఏళ్లు బస్సు నడిపి రిటైర్ అయ్యాడు. నేను పైలట్ అయినప్పటి నుంచి ఇంటికి వెళ్తే చాలు, మా ఇద్దరివీ డ్రైవర్ల ముచ్చట్లే. మొన్న దసరాకి టీవీలో ఏదో చూసి అడిగాడు.

"అమ్మా, పైన ఉండగా రేడియో పోతే ఎట్టా? హారన్ మోగకపోతే మా బండి గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. మీరేమో మధ్యలో పక్కకి ఆపుకోలేరు కదా."

"రేడియో దానంతటది పోవడం తక్కువ బాబాయ్, మేం పోగొట్టుకోవడమే ఎక్కువ" అన్నాను. అర్థం కానట్టు చూశాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు బయటపెట్టాను.

కోపైలట్‌గా చేరిన కొత్త. ఢిల్లీ నుంచి హైదరాబాద్, రాత్రి ఫ్లైట్, ఎ320. కెప్టెన్ విమానం నడుపుతున్నారు, రేడియో పని నాది. 35 వేల అడుగుల ఎత్తులో నాగ్‌పూర్ దాటాక, కింద నుంచి కంట్రోలర్ తర్వాతి సెక్టార్, అంటే ఇంకో కంట్రోలర్ చూసుకునే ఆకాశం ముక్క, ఫ్రీక్వెన్సీ ఇచ్చారు. చెవి సరిగ్గానే విన్నది, నోరు సరిగ్గానే తిరిగి చెప్పింది. వేళ్లు మాత్రం ఒక అంకె తేడాగా తిప్పాయి.

మా రేడియో ప్యానెల్ మీద రెండు చిన్న కిటికీలు ఉంటాయి. ఎడమ దాంట్లో ఇప్పుడు మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ, కుడి దాంట్లో రాబోయేది. కుడివైపు అంకెలు తిప్పి, మధ్యలో బాణం గుర్తున్న మీట నొక్కితే అటుది ఇటు, ఇటుది అటు మారతాయి. నొక్కాను. పిలిచాను. జవాబు లేదు. పక్క సెక్టార్ వాళ్లతో హాట్‌లైన్‌లో ఉన్నారేమో, నిమిషం ఆగి పిలుద్దాం అనుకున్నాను. సరిగ్గా అప్పుడే క్యాబిన్ నుంచి భోజనం ట్రేలు వచ్చాయి. పనీర్ రోల్, పెరుగు కప్పు. ఆ రెండో పిలుపు అక్కడే మరిచిపోయాను.

ఇంకో తప్పు అంతకు ముందే చేసి ఉన్నాను. రెండో రేడియో ఎప్పుడూ 121.5 మీద పెట్టి వింటూ ఉండాలి. అది అత్యవసర ఫ్రీక్వెన్సీ, దాన్ని గార్డ్ అంటాం. ఆ రాత్రి ఎవరో పొరపాటున దాని మీదే తమ కంపెనీ వాళ్లతో గేటు నంబరు, వీల్‌చైర్లు అంటూ మాట్లాడుతున్నారు. విసుగొచ్చి ఆ వాల్యూమ్ నాబ్ కిందికి తిప్పేశాను. మళ్లీ పెంచలేదు. అంటే ఒక చెవి తప్పు చోట, రెండో చెవి మూసి ఉంది. మూడో రేడియో మాటల కోసం కాదు, కంపెనీతో టెక్స్ట్ మెసేజ్‌ల కోసం.

నాగ్‌పూర్ మీద రాత్రిపూట ఆకాశం నిశ్శబ్దంగా ఉండదు. యూరప్ నుంచి ఆగ్నేయాసియాకు పోయే విమానాలు కూడా అటే దాటతాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. అలాంటి చోట చెవిలో చీమ చిటుక్కుమనకపోతే అనుమానం రావాలి. నాకేమో హాయిగా అనిపించింది.

ఉన్నట్టుండి మా మధ్య ఉన్న చిన్న ప్రింటర్ కర్రుమంటూ కాగితం కక్కింది. కంపెనీ డిస్పాచ్ నుంచి ఒకే లైను: ఫలానా ఫ్రీక్వెన్సీలో వెంటనే కాంటాక్ట్ చేయండి. కెప్టెన్ కాగితం చింపి చదివారు, ప్యానెల్ వైపు చూశారు, నా వైపు చూడలేదు. ముందు బాణం మీట నొక్కారు. పాత ఫ్రీక్వెన్సీ పక్క కిటికీలోనే ఉంది కాబట్టి ఒక్క నొక్కుతో తిరిగి వచ్చేసింది. తర్వాత నా వాల్యూమ్ నాబ్ పైకి తిప్పారు. గార్డ్ మీద వేరే విమానం పైలట్ ఎవరో మా కాల్‌సైన్, అంటే రేడియోలో మా విమానం పేరు, పట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు, పాపం. కంట్రోలర్ ఆయన్ని అడిగి ఉంటారు, మా కోసం ఓసారి ప్రయత్నించమని.

మొత్తం 11 నిమిషాలు. నిమిషానికి దాదాపు 14 కిలోమీటర్లు పోతాం. లెక్క వేసుకోండి.

"నిజంగానే రేడియో పాడైతే?" అన్నాడు బాబాయి. నా తప్పు గురించి ఒక్క మాట అనకపోవడం ఆయన మంచితనం.

నిజంగా పోతే ముందు హెడ్‌సెట్ జాక్, వాల్యూమ్, రెండో సెట్, పక్క సీటు మైక్, ఇలా చూసుకుంటూ పోతాం. ఒక్కోసారి మైక్ బటన్ ఇరుక్కుపోతుంది. అప్పుడు మన మాట ఆగకుండా పోతూ ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న అందరి నోళ్లూ మూయిస్తుంది. ఏదీ పనిచేయకపోతే, రాడార్‌కు మా గుర్తింపు అంకెలు పంపే ట్రాన్స్‌పాండర్ అనే పెట్టెలో 7600 పెడతాం. ఆ పెట్టెకు 8, 9 అంకెలు ఉండవు, 0 నుంచి 7 దాకానే. 7500 అంటే హైజాక్, 7700 అంటే ఎమర్జెన్సీ, 7600 అంటే మాట పోయింది అని. రాడార్ తెర మీద అది కనపడగానే కింద వాళ్లకు విషయం తెలిసిపోతుంది. వినపడటం ఒక్కటే పోయి మన గొంతు వాళ్లకు చేరుతుండొచ్చు. అందుకని ఎక్కడున్నామో, ఏం చేయబోతున్నామో గాల్లోకి చెబుతూనే ఉంటాం. దీనికి తిరగబడింది కూడా జరగొచ్చు. మాకు వినపడుతోంది, మాట్లాడలేం అనుకోండి. "వినపడితే ఐడెంట్ నొక్కండి" అంటారు. ట్రాన్స్‌పాండర్‌దే ఆ బటన్, నొక్కితే వాళ్ల తెర మీద మా గుర్తు మెరుస్తుంది. మూగవాడు తలూపినట్టు.

ఆ తర్వాతంతా ముందే రాసిపెట్టిన రూలు. వాతావరణం బాగుండి నేల కనపడుతుంటే అలాగే చూసుకుంటూ అనువైన దగ్గరి ఎయిర్‌పోర్ట్‌లో దిగాలి. మేఘాల్లో ఉంటే, రాడార్ ఉన్న చోట 7 నిమిషాలు, లేని చోట 20 నిమిషాలు చివరగా చెప్పిన ఎత్తు, వేగం మార్చకూడదు. తర్వాత ఫ్లైట్ ప్లాన్‌లో రాసినట్టే వెళ్లాలి. గమ్యం మీదికి చేరాక, చేరతామని లెక్క వేసిన టైముకు దిగడం మొదలుపెట్టి, వీలైతే అరగంటలో నేల మీద ఉండాలి. మేం ఏం చేస్తామో మాట్లాడకపోయినా వాళ్లకు తెలుసు కాబట్టి మిగతా విమానాల్ని పక్కకు తప్పిస్తారు.

దిగే ముందు టవర్ వైపు చూడాలి. అక్కడి నుంచి లైటు వేస్తారు. నిలకడ పచ్చ అయితే దిగొచ్చు, నిలకడ ఎరుపు అయితే పక్కవాడికి దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి, ఎరుపు ఆరి వెలుగుతుంటే అక్కడ దిగకూడదు. ట్రైనింగ్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ టవర్ వాళ్లను బతిమాలి ఒకసారి చూపించారు. మధ్యాహ్నం ఎండలో ఆ పచ్చ చుక్క అగ్గిపుల్ల తలంత ఉంది. చూశామని చెప్పడానికి రెక్కలు అటూ ఇటూ ఊపాలి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు వేసి ఆర్పాలి.

"మా చెకింగ్ వాళ్లు టార్చ్ ఊపినట్టే" అన్నాడు బాబాయి. అచ్చం అదే.

మా 11 నిమిషాలకు ఏమీ కాలేదు కానీ, ఇలాంటివి ఎక్కడిదాకా పోతాయో వేరేవాళ్లను చూసి తెలుసుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో ముంబై నుంచి లండన్ వెళ్తున్న మన దేశపు విమానం ఒకటి జర్మనీ మీద మాట తెగిపోతే, రెండు యుద్ధ విమానాలు వచ్చి పక్కన నిలిచాయి. అది హైజాకో, మరింకేదైనానో కింద వాళ్లకు తెలిసే దారి లేదు కదా. 2009 అక్టోబర్‌లో శాన్ డియాగో నుంచి మినియాపోలిస్ వెళ్లాల్సిన విమానంలో పైలట్లిద్దరూ గంటకు పైగా ఎవరికీ జవాబివ్వలేదు, ఊరు దాటి 240 కిలోమీటర్లు పోయారు. ల్యాప్‌టాప్‌లు చూస్తూ ఉండిపోయాం అన్నారు. లైసెన్సులు పోయాయి. ఆ రెండో వార్త చదివి ఒకప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు.

శంషాబాద్‌లో దిగాక కెప్టెన్ నన్ను ఏమీ అనలేదు. బస్సులో కూర్చుని సేఫ్టీ రిపోర్ట్ ఫోన్‌లో టైప్ చేసి, పంపే ముందు నాకిచ్చి చదవమన్నారు. "ఫ్రీక్వెన్సీ తప్పు తిప్పింది కోపైలట్, గమనించనిది కెప్టెన్" అని రాశారు. రెండో ముక్క తీసేయండి సర్ అన్నాను. తీయలేదు.

ఆ ప్రింటర్ కాగితం ఇప్పటికీ నా లాగ్‌బుక్‌లో ఉంది. థర్మల్ పేపర్ కదా, అక్షరాలు దాదాపు వెలిసిపోయాయి. బాబాయి కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏం కనపడట్లేదే?"

నాకు నోటికి వచ్చు బాబాయ్ అన్నాను.