బలహీనత అడిగితే అలంకారం వస్తోంది: మూడో రౌండూ పోయింది

నిన్న రాత్రి మూడో రౌండ్ కూడా బెడిసికొట్టింది. మాది రాతలో ఆడే రోల్‌ప్లే గ్రూపు: ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా రాస్తూ కథ నడుపుతారు. చేరాలంటే తమ పాత్ర గురించి అప్లికేషన్ రాయాలి, దాన్ని మాడ్స్ (గ్రూపు నడిపేవాళ్లం) చూసి పాస్ చెయ్యాలి. ఇది ఒకే అప్లికేషన్, పదకొండు రోజులు, మూడుసార్లు ఫీడ్‌బ్యాక్. పాత్ర మాత్రం మొదట ఎక్కడుందో అక్కడే ఉంది. రాసినవారు చివరికి "ఇంక నావల్ల కాదేమో అండీ" అని ఒక్క ముక్క పంపారు. అది చూశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈసారి లాగ్ అంతా దీని గురించే.

మిగతావి ఒక్క మాటలో: ఈ నెల చూసిన మరో ఐదింటిలో నాలుగు మొదటి రౌండ్‌లోనే పాసయ్యాయి. అందులో గాడ్‌మోడింగ్‌కి (ఎదుటివాళ్ల పాత్రలకి ఏం జరిగిందో కూడా తనే తేల్చేసి, ఎప్పుడూ తనే గెలవడం) దారితీసేలా ఉన్న మంత్రగత్తె పాత్ర, "మంత్రం వేసిన ప్రతిసారీ ఆమె ఏం పోగొట్టుకుంటుంది?" అన్న ఒక్క ప్రశ్నతో దారిలో పడింది.

ఇక మొండికేసినదాని సంగతి. (రాసినవారి అనుమతితోనే రాస్తున్నా, పేర్లు తీసేశా.) పాత్ర ఒక వెలివేసిన సైనికుడు. అప్లికేషన్ 1,900 పదాలు, అందులో బ్యాక్‌స్టోరీయే 1,500 పైచిలుకు. స్వభావానికి 70 పదాలు. బలహీనతల గడిలో మూడే మాటలు: "అందర్నీ అతిగా నమ్ముతాడు." బ్యాక్‌స్టోరీ అంతా వెతికినా అతను ఎవరినైనా నమ్మి దెబ్బతిన్న సందర్భం ఒక్కటీ లేదు. కత్తి, విల్లు, వైద్యం, ఐదు భాషలు మాత్రం వచ్చు.

మొదటి రౌండ్: గూగుల్ డాక్స్‌లో 14 కామెంట్లు పెట్టాను. మొదట రెండు మెచ్చుకోళ్లు, చివర ఒకటి, మధ్యలో 11 సూచనలు. రాయడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఇలా విమర్శకి అటూ ఇటూ పొగడ్త పేర్చే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. "బాగా రాశారు" అన్నది ఎవరి అప్లికేషన్‌కైనా సరిపోయే మాట. చదివేవాళ్లకి అది తెలుసు, దాన్ని దాటేసి మధ్యలోకే వెళ్తారు. పైగా 14 చోట్ల పసుపు రంగు పడ్డ పేజీ దిద్దిన పరీక్ష పేపర్‌లా కనిపిస్తుంది. సజెషన్ మోడ్ ఇంకా కష్టం, వాళ్ల వాక్యం మీదే గీత పడుతుంది. రెండు రోజుల తర్వాత వచ్చిన మార్పు: బలహీనతల్లో "మొండివాడు" చేరింది. అంతే.

రెండో రౌండ్: డిస్కార్డ్‌లో విడిగా మెసేజ్ పెట్టాను, మూడే విషయాలు. ఉచిత ఖాతాలో ఒక మెసేజ్‌కి 2,000 అక్షరాల హద్దు ఉంది. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కపడతాయి కాబట్టి తెలుగులో సుమారు 240 పదాలకే నిండిపోతుంది. ఫీడ్‌బ్యాక్‌కి ఆ హద్దు మంచిదే అని నా అభిప్రాయం. "అతను ఓడిపోయే చోటు ఒకటి చూపించండి" అని అడిగాను. ఎడమ భుజానికి పాత గాయం వచ్చింది, చలికి లాగుతుందట. ఆ తర్వాతి వాక్యంలోనే అదే భుజంతో ముగ్గురిని పడగొట్టాడు. గాయం కూడా వీరత్వానికి నగ అయిపోయింది.

మూడో రౌండ్: టెస్ట్ సీన్. అంటే నేను ఒక సందర్భం ఇచ్చి నా పాత్రతో ఆడతాను, వారు తమ పాత్ర తరఫున జవాబు రాయాలి. వంతెన మీద కాపలావాడు అడ్డం, పక్కన గాయపడ్డ తోడు, చేతిలో సీలు వేసిన ఉత్తరం. 150 పదాల్లో జవాబు అడిగితే 320 వచ్చాయి. కాపలావాడు లొంగిపోయాడు, తోడుకి గాయం మానింది, ఉత్తరం పని కూడా అయిపోయింది. "ఇందులో నా పాత్రకి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు" అని రాశాను. మాట నిజమే. మనసు విరిగింది మాత్రం బహుశా అక్కడే.

ఎక్కడ తప్పింది? నా మొదటి అనుమానం "బలహీనత" అన్న మాట మీదే. ఏళ్ల తరబడి మనసులో పెంచుకున్న పాత్ర గురించి అలా అడిగితే, బిడ్డ తప్పులు చెప్పమన్నట్టు వినిపిస్తుంది. ఎవరైనా వెనకేసుకొస్తారు. రెండోది, వీరిని ఇంతకుముందు ఇంకెక్కడో ఎవరైనా "మేరీ స్యూ" అని ఉండొచ్చు. 1973లో అభిమానులే నడుపుకునే పత్రిక, అంటే ఒక ఫ్యాన్‌జీన్‌లో వచ్చిన పేరడీ నుంచి పుట్టిన పేరది, అభిమానులు రాసే కథల్లో లోపమే లేని, అన్నీ వచ్చిన పాత్రల మీద ఎగతాళి. రివ్యూలో ఆ మాట వాడటం నాకు అస్సలు నచ్చదు. ఏం మార్చాలో చెప్పదు, సిగ్గుపడమని మాత్రం చెబుతుంది.

మూడోది పొద్దున్నే తెలిసింది. ఫారం పక్కన పెట్టి, బ్యాక్‌స్టోరీని కథలా మొదటినుంచి చదివాను. ఆరో పేరాలో చలిమంట దగ్గర అతనికి ఉత్తరం వస్తుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి, "పొగకి కళ్లు మండుతున్నాయి, నువ్వు చదువు" అని తోటివాడికి ఇచ్చేస్తాడు. వెంటనే టెస్ట్ సీన్ తెరిచి చూశాను. అక్కడా సీలు విప్పి, గాయంతో మూలుగుతున్న తోడు చేతికే ఇచ్చాడు చదవమని! ఐదు భాషలు మాట్లాడే మనిషికి చదవడం రాదు. రాసినవారు కావాలని పెట్టారో, చేతికి అలా వచ్చేసిందో. ఆ 1,900 పదాల్లో నాకు బాగా నచ్చిన చోటు అదే. బలహీనతల గడిలో ఏముందా అని చూస్తూ మూడు రౌండ్లూ దాన్ని దాటేశాను.

నాలుగు లైన్లే పంపాను. మూడో రౌండ్‌లో అన్న మాటకి క్షమించమని, ఆరో పేరాలోని ఆ వాక్యం దగ్గర ఆగిపోయానని, అతను నిజంగా పొగ వల్లే చదవలేదా అని. సూచన ఒక్కటీ లేదు. ఇది రాసే సమయానికి ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా ఫారంలో బలహీనతల గడి తీసేసి, "మీ పాత్ర నలుగురిలో ఉన్నప్పుడు ఏం దాచుకుంటుంది?" అని పెట్టాలని ఉంది. మిగతా ఇద్దరు మాడ్స్‌లో ఒకరు సరే అన్నారు, ఇంకొకరికి పాత్రలకి పగ్గాలు లేకుండా పోతాయని భయం. మూడు అప్లికేషన్ల వరకు ప్రయత్నించి చూద్దామని అడిగాను.

వారు తిరిగొస్తే టెస్ట్ సీన్ మళ్లీ ఆడదాం అంటాను. వంతెన అదే, కాపలావాడు అతనే, ఉత్తరమూ అదే. చదివి పెట్టడానికి తోడు మాత్రం ఉండడు.